కట్టిన ఇళ్లలో వేడి ఎంతో కొలిపించండి: గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షల రూపాయలు నాలుగు విడతల్లో అందుతాయని ప్రకటించారు. బేస్‌మెంట్‌కు లక్ష, గోడలకు 1.25 లక్షలు, స్లాబ్‌కు 1.75 లక్షలు, ఇల్లు పూర్తయ్యాక మిగిలిన లక్ష. ప్రతి విడతకూ ఇంటిని చూసి, ఫొటో తీసి బిల్లు పెడతారు. గృహప్రవేశం అయ్యాక ఆ ఇంట్లో వేసవి ఎలా గడుస్తోందో కొలిచే ఏర్పాటు మాత్రం లేదు. ఆ పని మన యూనివర్సిటీలకు అప్పగించండి.

ఎక్కువ డబ్బు పడే ఆ స్లాబే వేసవిలో ఇంటివాళ్లను ఎక్కువ బాధపెడుతుంది. కాంక్రీటు పగలంతా వేడెక్కి, పొద్దుగూకాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. బయట కాస్త చల్లబడినా లోపల ఫ్యాన్ వేడి గాలినే తిప్పుతుంది. 400 చదరపు అడుగుల ఇంట్లో పక్క మార్చుకోవడానికి ఇంకో గది ఎక్కడుంటుంది? రామగుండం, కొత్తగూడెం వైపు మే నెల రాత్రుల గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు.

కొలిస్తే ఏం జరుగుతుందో మన దగ్గరే రుజువుంది. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 25 పేద కుటుంబాల ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి షీట్లు పరిచి చూశారు. మామూలు కప్పుల ఇళ్లతో పోలిస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో రాష్ట్రం, ఎండను తిప్పికొట్టే పూతలు, షీట్లతో ఇళ్ల కప్పులను చల్లగా ఉంచే కూల్ రూఫ్ పాలసీ తెచ్చేనాటికి చేతిలో ఇలాంటి లెక్కలుండటం ఎంతో మేలు చేసింది.

పల్లె ఇంటికి అదొక్కటే చాలదు. తెల్ల పూత మన దుమ్ముకు ఎన్నేళ్లు ఆగుతుంది? పడమటి గోడకు నీడ ఎలా? ప్లాన్‌లో కిటికీ ఉంటుంది, కానీ దోమల భయంతో రాత్రంతా మూసే ఉంచితే దానివల్ల లాభమేంటి? ఇవి ఆఫీసులో కూర్చుంటే తేలేవి కావు. ఇంట్లో థర్మామీటర్ పెట్టాలి, ఇల్లాలిని కూర్చోబెట్టి అడగాలి.

నేను ఆర్కిటెక్చర్ పాఠాలు చెబుతాను. మా పిల్లలు చివరి ఏడాది థీసిస్‌కు ఎయిర్‌పోర్టులు, కన్వెన్షన్ సెంటర్లు ఎంచుకుంటారు. వాళ్లను తప్పుపట్టను. పల్లె ఇళ్ల మీద పనిచేస్తామంటే పరికరాలకు డబ్బుండదు, ఇళ్ల వివరాలు ఇచ్చే అధికారి దొరకరు. పట్టుదలగా చేసినవాళ్ల రిపోర్టులు ఇంగ్లీషులో బైండు చేసి లైబ్రరీ బీరువాలో ఉంటాయి. ఊళ్లో ఇళ్ల పని చూసే హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) చేతికి అవి ఎప్పుడు రావాలి?

మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీని, వరంగల్ ఎన్ఐటీని కలిపి ఈ బాధ్యత ఇవ్వండి. జిల్లాకు కొన్ని ఇళ్లు చాలు. ఇంటివాళ్ల ఒప్పుకోలుతో ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న మీటర్లు మార్చి నుంచి జూన్ దాకా పెడితే చాలు. ఆ కుటుంబాలకు, తిరిగే విద్యార్థులకు కొంత డబ్బు ఇవ్వాలి. ఫలితాలు ప్రభుత్వానికి నచ్చకపోయినా తెలుగులో బయటపెట్టాలి. తర్వాతి విడత ఇళ్లకు నమూనా ప్లాన్ ఖరారు చేసే ముందే అవి మీ బల్ల మీదకు రావాలి.

ఫిబ్రవరిలోపు ఉత్తర్వు ఇప్పిస్తే వచ్చే వేసవికే పని మొదలుపెట్టొచ్చు. మా విద్యార్థులను పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్చర్ అధ్యాపకుడు, హైదరాబాద్