సమాచార పాఠాలు, జీవితచరిత్రలు చదివే పద్ధతిని పిల్లలకు నేర్పించండి: పాఠశాల విద్యాశాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ సంచాలకులకు,

నమస్కారములు. ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ప్రస్తుతం హైదరాబాదులోని ఒక శాఖా గ్రంథాలయంలో ఉన్నత పాఠశాల పిల్లల చేత పుస్తకాలు చదివిస్తున్నాను. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం పట్టుబడేలా చేయడానికి 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కోసం ఉపాధ్యాయులు పడిన శ్రమ నాకు తెలుసు, దానిపై నాకు గౌరవం ఉంది. అయితే చదవడం వచ్చాక, కథ కాని పాఠాన్ని ఎలా చదవాలో నేను చూసినంతలో ఎవరూ విడిగా నేర్పడం లేదు. ఆరో తరగతి నుంచి పిల్లల సంచిలో ఉండే పుస్తకాల్లో ఎక్కువ భాగం అటువంటివే కాబట్టి, ఈ లోటు ఒక్క తెలుగు సబ్జెక్టుతో ఆగిపోయేది కాదని తమకు మనవి చేస్తున్నాను.

తరువాత ఏం జరుగుతుందోనన్న ఆత్రుతతో పిల్లలు కథను వాళ్లంతట వాళ్లే చదువుకుపోతారు. సమాచార పాఠంలో ఆ ఆత్రుతను చదివేవారే పుట్టించుకోవాలి. మూసీ నదికి 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద గురించిన ఒక పుటను ఏడో తరగతి అమ్మాయి ఒకరోజు ఎక్కడా తడబడకుండా గట్టిగా చదివింది. వరద తరువాత నగరంలో ఏం మారిందని అడిగితే పుట మొదటి వాక్యాన్నే మళ్లీ చదివింది. పక్కనే ఉన్న పటాన్ని గానీ, దాని కింద రాసిన వాక్యాన్ని గానీ అసలు చూడలేదు. ఆ పిల్ల తెలివికి కొదవేమీ లేదు. బొమ్మ కింది వాక్యం, ఉపశీర్షిక, పట్టిక కూడా చదవవలసినవేనని ఆమెకు అంతవరకు ఎవరూ చెప్పలేదు, అంతే.

మరుసటి వారం అదే పుటను వేరే విధంగా చదివించాను. చదవడానికి ముందు శీర్షికలు, పటం చూసి, తమకు తెలిసినదేమిటో, తెలుసుకోవాలనుకున్నదేమిటో కాగితం మీద రెండు గళ్లలో రాయమన్నాను. చదివాక తెలుసుకున్నది మూడో గడిలో రాయాలి. డోనా ఓగల్ అనే అమెరికన్ అధ్యాపకురాలు 1986లో ప్రకటించిన ఈ పద్ధతికి కాగితం, పెన్సిలు తప్ప మరే ఖర్చూ లేదు. ఆ తరువాత ఒక గీత గీయించి, దాని మీద వరుసగా సంవత్సరాలు వేయించాను. 1908లో వరద, 1909లో వరద నివారణ కోసం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య రాక, 1920లో ఉస్మాన్‌సాగర్ జలాశయం, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయం. గీత మీద ఆ సంవత్సరాలు కనపడగానే, మొన్న జవాబు చెప్పలేకపోయిన అమ్మాయే, "వరదొచ్చిన పన్నెండేళ్లకు గానీ మొదటి చెరువు కట్టలేదా? మరి అన్నాళ్లూ వానాకాలం వస్తే జనం ఏం చేశారు?" అని అడిగింది. దానికి జవాబు ఆ పుటలో లేదు. జవాబు లేదని గుర్తుపట్టి, మరో పుస్తకం కోసం అల్మారా దగ్గరకు వెళ్లడమే నేను కోరుకున్న చదువు.

జీవితచరిత్రల విషయంలో పరిస్థితి మరింత బాధాకరంగా ఉంది. మన తరగతి గదుల్లో జీవితచరిత్ర అంటే జననం, తల్లిదండ్రులు, చదువు, బిరుదులు, మరణం. ఈ ఐదు ముక్కలూ జయంతి నాడు ఉపన్యాసంగా అప్పజెప్పి, పరీక్షలో రాసి, మరచిపోతారు. విశ్వేశ్వరయ్య పుట్టిన సంవత్సరం కొన్ని పుస్తకాల్లో 1860 అని, మరికొన్నింటిలో 1861 అని ఉంటుంది. పిల్లలకు ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన ఇచ్చి, ఏది నమ్మాలో ఎలా తేల్చుకుంటారని అడిగితే వారు చరిత్రకారుడు చేసే పనికి చేయి వేసినట్టే. అలాగే "ఆయన నిజాం ప్రభుత్వం పిలుపు మీద హైదరాబాదు వచ్చారు" అన్న వాక్యానికీ, "ఆయనంతటి ఇంజనీరు మరొకరు లేరు" అన్న వాక్యానికీ తేడా చెప్పమనాలి. మొదటిది ఆధారం చూసి సరిచూసుకోగలిగినది, రెండవది రచయిత అభిప్రాయం. బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం విడిచి విదేశాల్లో పర్యటిస్తున్న మనిషి ఆ పిలుపును ఎందుకు ఒప్పుకున్నాడన్న ప్రశ్న, ఆయన బిరుదుల జాబితా కన్నా పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది. అదే వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్న ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ జీవితాన్ని విశ్వేశ్వరయ్య జీవితంతో కలిపి చదివిస్తే, ఒకే సంఘటన ఇద్దరి జీవితాల్లో ఎంత వేరుగా నిలిచిందో వారికే అర్థమవుతుంది.

ఇది మనకు కొత్త విద్య కాదు. 1901లో సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసిన కొద్ది సంవత్సరాలకే, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు తదితరులు ఇదే నగరంలో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. తెలుగువారికి చరిత్ర, శాస్త్రం తెలుగులోనే అందాలన్నది వారి సంకల్పం. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్రతో ఆ మండలి ప్రచురణలు మొదలయ్యాయి. అటువంటి పుస్తకాలు మన గ్రంథాలయాల్లో ఈనాటికీ ఉన్నాయి. వాటిని ప్రశ్నిస్తూ చదవగలిగే పిల్లలను తయారుచేయడం మన వంతు.

తమరు చేయగలిగిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రశ్నపత్రం. అపరిచిత గద్యం కింద ఇచ్చే ప్రశ్నలకు జవాబు చాలావరకు గద్యంలోని వాక్యాన్ని ఎత్తి రాస్తే సరిపోతుంది. పరీక్షలో ఏది అడిగితే తరగతిలో అదే నేర్పుతారన్నది ఉపాధ్యాయురాలిగా నా అనుభవం. కాబట్టి ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనాల్లో (ఎఫ్.ఏ. పరీక్షల్లో) అయినా, ఒకే విషయంపై రెండు చిన్న గద్యాలిచ్చి అవి ఎక్కడ కలుస్తున్నాయో, ఎక్కడ విభేదిస్తున్నాయో రాయమనే ప్రశ్న ఒక్కటి చేర్పించండి. తక్కినవి దాని వెనుకనే వస్తాయి.

శిక్షణకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. పలింక్సార్, బ్రౌన్ అనే పరిశోధకులు 1984లో ప్రచురించిన పద్ధతిలో పిల్లలే వంతులవారీగా గురువు స్థానంలో కూర్చుంటారు. పేరా చదివి ప్రశ్న వేయడం, సారం చెప్పడం, అర్థంకానిది విడదీసుకోవడం, తరువాత ఏముంటుందో ఊహించడం, ఈ నాలుగే వారి పని. ఆ పరిశోధకులు ఎంచుకున్నది చదవడం వచ్చి అర్థం చేసుకోలేకపోతున్న ఏడో తరగతి పిల్లలనే. దీనిని చుట్టుపక్కల పాఠశాలల ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూటలో చేసి చూపించవచ్చు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇందుకు బాగా పనికివస్తాయి. ఇంగ్లిషు పేరాలో చిక్కుపడిన పిల్లవాడు ఎదుటి పుటలో తెలుగు చూసి తనంతట తానే చిక్కు విప్పుకోగలడు.

ముందుగా హైదరాబాదు జిల్లాలో కొన్ని ఉన్నత పాఠశాలలను ఎంచుకుని, గ్రంథాలయ పీరియడును మరో సబ్జెక్టుకు ఇవ్వకుండా కాపాడి, ఈ విద్యాసంవత్సరమే ఆరు, ఏడు తరగతుల్లో దీనిని మొదలుపెట్టించవలసిందిగా కోరుతున్నాను. పరిశీలనకు వెళ్లే అధికారులు మార్కుల రిజిస్టరు తెరవక ముందు, పాఠం చదువుతూ పిల్లలు తమ నోటుపుస్తకాల్లో రాసుకున్న ప్రశ్నలను అడిగి చూడాలని వారికి ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హైదరాబాదు