చిన్నీకి, ఆ ఆఖరి విజిల్ గురించి

ఫ్రిస్కో, టెక్సస్, ఆదివారం రాత్రి

చిన్నీ,

నిన్న కారెక్కగానే హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నావు. ఇంటికొచ్చి ఆ రిఫరీ చొక్కాతోనే పడుకున్నావు. ఏమైందని అడిగితే "ఏం లేదమ్మా" అంటావని తెలుసు, అందుకే రాస్తున్నాను. నాలుగేళ్లు మనబడికి వెళ్లి నేర్చుకున్న తెలుగు ఇలాగైనా పనికొస్తుంది.

నువ్వు రిఫరీ చేసిన ఆ పదేళ్లలోపు పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ నేనూ చూశాను. ఆఖర్లో మైదానం మూల నుంచి కొట్టే కార్నర్ కిక్. బంతి గాల్లో ఉండగానే విజిల్ ఊదావు, మరుక్షణం అది గోల్లో పడింది. ఇక ఆ పక్కన కూర్చున్న అమ్మానాన్నల గోల చెప్పక్కర్లేదు. "టైము చూడ్డం వచ్చా నీకు?" అని ఒకాయన అరిచాడు, పద్నాలుగేళ్ల పిల్లని పట్టుకుని. లేచి వెళ్లి నాలుగు దులిపేద్దామనుకున్నాను. ఎందుకు వెళ్లలేదో తర్వాత చెప్తాను.

రాత్రి కూర్చుని రూల్స్ పుస్తకంలో ఏడో రూలు చదివాను. పెద్దవాళ్లకి హాఫ్‌కి 45 నిమిషాలు, మీ చిన్నపిల్లలకి 25. దెబ్బలకీ, సబ్‌స్టిట్యూషన్లకీ, కావాలని చేసే ఆలస్యానికీ పోయిన టైము ఎంత కలపాలో రిఫరీయే తేల్చాలట. ఇంత కలుపుతున్నానని చెప్పాక ఇంకా పెంచొచ్చు గానీ తగ్గించకూడదట. మొదటి హాఫ్‌లో లెక్క తప్పినా దాన్ని రెండో హాఫ్‌లో సర్దకూడదు. పాలవాడి లెక్కలా ఈ నెలది వచ్చే నెలలో చూసుకుందాం అంటే కుదరదన్నమాట. టైమైపోయినా ఆడించి తీరాల్సింది ఒక్క పెనాల్టీ కిక్కే. కార్నర్‌కి ఆ హక్కు లేదు. ముక్కులోంచి రక్తం కారిన అబ్బాయి కోసం రెండు నిమిషాలు కలిపావు, అవి అయ్యాక ఊదావు. ఎంత వెతికినా నీ తప్పు కనపడలేదు.

ఇదే పని 1978 ప్రపంచ కప్‌లో క్లైవ్ థామస్ అనే వేల్స్ రిఫరీ చేశాడు. అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో బ్రెజిల్, స్వీడన్ చెరో గోల్‌తో ఉన్నాయి. కార్నర్ కొట్టారు, బంతి గాల్లో ఉండగా ఆయన ఊదేశాడు, బ్రెజిల్ ఆటగాడు జీకో తలతో గోల్లోకి కొట్టాడు. గోల్ లెక్కలోకి రాలేదు. రూలు ఆయన పక్షానే ఉంది. అయినా ఆ ప్రపంచ కప్‌లో ఆయనకి మరో మ్యాచ్ దక్కలేదు, జనం ఇప్పటికీ ఆ విజిల్ గురించే మాట్లాడతారు.

అందుకే నాకు తోచింది ఒకటి చెప్తాను, నచ్చితే తీసుకో. టైము అయిపోతే బంతి కార్నర్ జెండా దగ్గర పెట్టకముందే ఊదెయ్. ఒకసారి కొట్టనిచ్చావా, అది ఎటో ఒకవైపు తేలేదాకా ఆగు. బంతి గోల్ దగ్గర లేకుండా మైదానం మధ్యలో ఉన్నప్పుడు ఆపితే ఏ పక్షమూ పెద్దగా నోరెత్తదు. నీ కంటే పెద్ద రిఫరీలు చాలామంది చేసేది అదే.

ఇంకో సంగతి. 2022 జనవరిలో కామెరూన్‌లో ఆఫ్రికా కప్, ట్యునీషియా, మాలీ మ్యాచ్. జాంబియా రిఫరీ జానీ సికాజ్వే 85వ నిమిషంలోనే ముగింపు విజిల్ ఊదాడు. తప్పు తెలుసుకుని మళ్లీ ఆడించి, 90 నిండకుండానే ఇంకోసారి ఊదాడు. ప్రపంచమంతా నవ్వింది. తీరా చూస్తే ఆయనకి వడదెబ్బ. అదే ఏడాది నవంబరులో ఖతార్ ప్రపంచ కప్‌లో బెల్జియం, కెనడా మ్యాచ్‌కి ఆయనే రిఫరీ. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మన టెక్సస్ ఎండలో నువ్వు నిన్న మూడు మ్యాచ్‌లు చేసి ఒక్క సీసా నీళ్లే తాగావు. నేను చూశాను.

ఇక ఆ అరిచినాయన దగ్గరికి ఎందుకు వెళ్లలేదంటావా. రెండేళ్ల క్రితం నీ మ్యాచ్‌లో మనం ఒక గోల్ వెనకబడి ఉండగా ఒక కుర్ర రిఫరీ ఆట ముగించేశాడు. ఫోన్లో టైము చూపిస్తూ ఆ అబ్బాయి మీద అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. నువ్వు చూడలేదనుకుంటా. వాడికీ నీ వయసే ఉంటుంది. తల వంచుకుని జెండాలు ఏరుకుంటూ వెళ్లాడు. నిన్న నువ్వు జెండాలు ఏరుతుంటే వాడే గుర్తొచ్చాడు, కుర్చీలోంచి లేవలేకపోయాను.

శనివారం ఎనిమిదింటి మ్యాచ్‌కి నేనే దింపుతాను. నా కుర్చీ ఆ వరుసలో వెయ్యను, అవతల చెట్టు కింద వేసుకుంటాను. మజ్జిగ పెద్ద సీసాలో పోసిస్తాను, ఖాళీ చేసి తేవాలి.

అమ్మ