సెర్బియా ఊళ్ల పేర్లకు ఇంగ్లిష్ దారి వద్దు

సంపాదకులు గారికి,

టెన్నిస్ పుణ్యమా అని జకోవిచ్ పేరు చివర ‘క్’ కాకుండా ‘చ్’ రాయడం మనకు అలవాటైంది. ఆయన దేశంలోని ఊళ్లకు ఇంకా ఆ అదృష్టం పట్టలేదు. ఇంగ్లిష్ వార్తలో కనిపించిన అక్షరాలను బట్టి రాస్తే చాచక్ కాస్తా ‘కాకాక్’, ఉజిత్సె కాస్తా ‘ఉజిస్’, యాగొదినా కాస్తా ‘జగోడినా’ అయిపోతాయి.

సెర్బియన్ భాషకు సిరిలిక్ (రష్యన్ లిపి లాంటిది), లాటిన్ (ఇంగ్లిష్ లిపి లాంటిది) అని రెండు లిపులు. లాటిన్‌లో ‘సి’ అక్షరం మీద ఏ గుర్తూ లేకపోతే ‘త్స’, చిన్న కొమ్ము ఉంటే ‘చ’, ఏటవాలు గీత ఉంటే మరికాస్త మెత్తని ‘చ’. ఇంగ్లిష్ వార్తల్లో, చాలా పటాల్లో ఈ గుర్తులు ఎగిరిపోతాయి. అప్పుడు మూడు అక్షరాలూ ఒక్కటే అయి కూర్చుంటాయి. సిరిలిక్‌లో ఆ మూడింటికీ మూడు వేర్వేరు రూపాలున్నాయి కాబట్టి ముందు ఆ రూపం చూడాలి. ‘జె’ అక్షరాన్ని ‘య’గా పలకాలి: జాయెచార్, క్రాగుయెవత్స్. ‘ఎన్’ పక్కన అదే ‘జె’ వస్తే రెండూ కలిసి ‘న్య’, ‘ఎల్’ పక్కన వస్తే ‘ల్య’. అందుకే వ్రాన్యె, క్రాల్యెవో; వ్రాంజె, క్రాల్జెవో కావు.

‘త్స’ మనకు కొత్తేమీ కాదు, ‘చలి’, ‘చుక్క’ల్లో చాలామంది పలికేది అదే. పాత నిఘంటువులు దాన్ని గుర్తు పెట్టి వేరుగా చూపాయి. అయితే ఎ, ఇ ముందు మన ‘చ’ తాలవ్యమే (‘చెట్టు’లోలా) కాబట్టి ‘ఉజిచె’ అని రాస్తే ఉచ్చారణ మారిపోతుంది, ‘ఉజిత్సె’ అనే రాయాలి. చాచక్‌ది తిరగబడ్డ చిక్కు. ‘చాలు’లోలా ‘త్స’గా పలికేవాళ్లుంటారు కనుక ‘చ్యాచక్’ అంటే ఇంకా నయం.

ఉచ్చారణ కుదిరినా పటం ఏ ఏడాదిదో చూడకపోతే పొరపాటు తప్పదు. ఈశాన్యాన బనాత్ ప్రాంతంలోని వెలికి బెచ్కెరెక్ అనే ఊరు 1935లో పెత్రోవ్‌గ్రాద్, 1946లో జ్రెన్యానిన్ అయింది. యాగొదినా 1946 నుంచి 1992 దాకా స్వెతొజారెవో. ఉజిత్సె 1947 నుంచి 1992 దాకా తీతొవో ఉజిత్సె. ఒకప్పుడు హంగేరీ ఏలుబడిలో ఉన్న ఉత్తర ప్రాంతం వొయ్‌వొదినాకు 1918కి ముందు వేసిన పటాల్లో హంగేరియన్ పేర్లుంటాయి. అక్కడ ‘ఎస్’ అక్షరం ఒక్కటే ఉంటే ‘ష’, పక్కన ‘జెడ్’ చేరితే ‘స’. సెర్బియన్ అలవాటుతో చదివితే తప్పు పలుకుతాం.

అన్నిటికన్నా గడుసుది మిలానొవత్స్, ఆ పేరుతో రెండు ఊళ్లున్నాయి. ‘గోర్న్యి’ అంటే ఎగువ, ‘దోన్యి’ అంటే దిగువ. మన ఎగువ, దిగువ పల్లెల్లా పక్కపక్కనే ఉంటాయనుకుంటాం. కానీ గోర్న్యి మిలానొవత్స్ నడిమి సెర్బియాలోని షుమాదియాలో ఉంది. దోన్యి మిలానొవత్స్ ఎక్కడో తూర్పున, రొమేనియా ఎదుట డాన్యూబ్ ఒడ్డున ఉంది. పైగా రెండుసార్లు చోటు మారింది: 1830ల ఆరంభంలో పొరెచ్ దీవి నుంచి ఒడ్డుకు, తర్వాత జెర్దాప్ ఆనకట్ట ముంపు వల్ల ఇప్పటి చోటికి. ఆనకట్ట 1972లో పూర్తయింది. అంతకుముందరి పటంలో చుక్క పెట్టిన చోట ఇప్పుడు నీళ్లే.

కనుక ఊరి పేరుతో పాటు అది ఏ ‘ఓప్‌ష్టినా’లో ఉందో కూడా వార్తలో రాయండి. అది మన మండలం లాంటిది. దోన్యి మిలానొవత్స్‌ది మైదాన్‌పెక్, గోర్న్యి మిలానొవత్స్‌ది దాని సొంత పేరే. డెస్కులో పేర్ల పట్టిక తయారుచేసుకుంటే, అక్కడి గణాంక శాఖ ప్రతి ఊరికీ ఇచ్చే ఆరంకెల సంఖ్యను పక్కన వేసుకోవాలి. ‘నోవో సెలో’ అంటే కొత్తూరు. ఆ పేరుతో ఊళ్లు ఎన్నో ఉన్నాయి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం