బడులు మూస్తున్నారు, ఆడపిల్లల బట్టల సంగతి ముందే మాట్లాడుకుందాం

నమస్కారమండి. మాది పిల్లల బట్టలు కుట్టే టైలరింగ్ షాపు. ఒంటిపూట బడులు కూడా అయిపోవచ్చాయి. ఈ మధ్య ఏళ్లలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 23తో బడులు మూసి జూన్ 12న తెరుస్తున్నారు. మధ్యలో ఉండేది ఏడు వారాలు. యూనిఫాంలు, ఎండాకాలం గౌన్లు, శుభకార్యాలకి పట్టు లంగాలు, అన్నీ ఆ ఏడు వారాల్లోనే అవే మిషన్ల మీదికి వస్తాయి. కాబట్టి ప్రైవేటు స్కూళ్ల యూనిఫాం ఆర్డర్లు ఈసారి మే 20 వరకే తీసుకుంటున్నాం. తర్వాత తెస్తే కాదనం గానీ, బడి తెరిచే రోజుకి చేతికిస్తామని మాత్రం చెప్పలేం. గవర్నమెంటు బడి పిల్లలకి కిట్టులో మూడు జతల గుడ్డ వస్తుంది. అది చేతికందేదే బడి తెరిచే రోజుల్లో. అందుకే జూన్ రెండో వారం నుంచి రెండు మిషన్లు ఆ గుడ్డలకే వదిలేస్తున్నాం. వాళ్లని వెనక్కి నెట్టి మిగతావి కుట్టడం కుదరదు.

రేట్ల సంగతి కూడా చెప్పేస్తాం. ట్యూనిక్కు (చొక్కా మీద వేసుకునే కుచ్చిళ్ల గౌను) కుట్టుకూలి 380 నుంచి 420 అయింది, చొక్కా 220 నుంచి 240. కుట్టేవాళ్లకి పీసు లెక్కన ఇచ్చేది పెంచాం, ఆ పెంపే ఇది. ఆల్టరేషన్లకి పాత రేటే.

అసలు కొత్తవి కుట్టించే ముందు పాతవి ఒకసారి బయటికి తీయండి. కొత్తది కుట్టిస్తే మాకు నాలుగు డబ్బులు వస్తాయన్న మాట నిజమే, అయినా చెబుతున్నాం. అయిదు నుంచి పదేళ్ల లోపు ఆడపిల్ల ఏడాదికి రెండు, రెండున్నర అంగుళాలు ఎత్తు పెరుగుతుంది. అందులో ఎక్కువ భాగం కాళ్లలోనే. ఛాతీ, భుజాలు అంత త్వరగా మారవు. ఏప్రిల్‌లో పొట్టిగా కనిపించే ట్యూనిక్కు చాలావరకు కింద మాత్రమే పొట్టి.

ఇంట్లో చూసుకోవడం ఇలా. పిల్లకి ట్యూనిక్కు తొడిగి నేల మీద మోకాళ్ల మీద నిలబెట్టండి. అంచు నేలకి తగిలితే ఇంకో ఏడాది ఢోకా లేదు. రెండు అంగుళాల దాకా పైన ఉంటే కింద మడత విప్పితే సరిపోతుంది. తర్వాత చేతులు పైకెత్తమనండి. పైభాగం, కుచ్చిళ్లు కలిసే నడుము కుట్టు ఎక్కడుందో చూడండి. చేతులు దించాక కూడా ఆ కుట్టు నడుము మీద కాకుండా డొక్కల మీదే ఉండిపోతే ఇక ఆల్టరేషన్ దండగ. కింద ఎంత వదిలినా పై పొడవు పెరగదు కదా. చంక దగ్గర కోస్తుంటే అర అంగుళం దాకా లోతు తీయగలం, అంతకు మించితే భుజం ఊడినట్టు వేలాడుతుంది.

మడతలో ఎంత గుడ్డ ఉందో తిరగేసి చూశాకే మా దగ్గరికి రండి. మేం కుట్టినవాటిలో మూడున్నర అంగుళాలు లోపల ఉంటుంది. రెడీమేడ్‌లో అంగుళం, అంగుళంన్నరకి మించి వదలడం అరుదు, విప్పినా ఉపయోగం ఉండదు. విప్పాక పాత మడత దగ్గర ఒక గీత పడి ఉంటుంది. ఆ గీతలో రెండు రకాలున్నాయి. ఒకటి ఇస్త్రీ మడత. తెల్ల వెనిగరు, నీళ్లు సమపాళ్లలో కలిపి, పల్చటి గుడ్డని అందులో తడిపి గీత మీద పరిచి ఇస్త్రీ చేస్తే టెర్రికాటన్‌లో చాలావరకు పోతుంది. ముందు లోపలి వైపు ఒక మూల రంగు దిగుతుందేమో చూసుకోవాలి. రెండోది వెలిసిన గీత. ఏడాదంతా ఎండలో ఆరేసి ఆరేసి మడత అంచు రంగు పోతుంది, దానికి వెనిగరు పనిచేయదు. ఆ గీత లోపలికి పోయేలా గుడ్డని మడిచి పావు అంగుళం టక్కు కుడతాం. అందులో అర అంగుళం పొడవు పోతుందని లెక్కేసుకోండి.

ఇద్దరాడపిల్లలున్న ఇళ్లలో అక్కది చెల్లెలికి దించడం మామూలే. రెండేళ్ల తేడా ఉంటే హాయిగా దించుకోవచ్చు. నాలుగేళ్ల తేడా ఉంటే వద్దంటాం. పక్క కుట్లు లోపలికి పట్టడం తేలికే, చిక్కంతా భుజాల దగ్గర వస్తుంది. ఆరేళ్ల పిల్లకీ పదేళ్ల పిల్లకీ భుజాల వెడల్పులో ఇంచుమించు రెండు అంగుళాల తేడా ఉంటుంది. అది తగ్గించాలంటే మెడ, చంకలు మొత్తం విప్పి మళ్లీ కత్తిరించాలి. ఆ కూలికి కొత్తదే వస్తుంది.

పొడవు తగ్గించేటప్పుడు కింద అంచు కోయించకండి. ఏ టైలరు దగ్గరైనా సరే ఈ మాట గట్టిగా చెప్పండి. నడుము దగ్గర విప్పి, కుచ్చిళ్ల ముక్కని పైనుంచి తగ్గించి మళ్లీ అతికించాలి. అప్పుడు కింద మడత అలాగే ఉండి, వచ్చే ఏడాది చిన్నదానికి విప్పుకోవడానికి పనికొస్తుంది. ఈ పనికి టైము పడుతుంది, అందుకే రద్దీ రోజుల్లో చాలామంది కింద కత్తెర వేసేస్తారు.

చొక్కాలు మాత్రం దించకండి. తెల్ల చొక్కా కాలరు మడత దగ్గర పోగులు లేస్తాయి, చంకలో పసుపు పడుతుంది. పసుపు పోవాలని బ్లీచింగ్ ఎక్కువ వేస్తే పాలిస్టరు కలిసిన గుడ్డ ఇంకా పచ్చబడుతుంది. ఇంకో మాట, ఇది కుట్టుకి సంబంధించింది కాదు: చిన్నదానికి ట్యూనిక్కులన్నీ అక్కవే అయితే అలుగుతుంది, అలగడం న్యాయమే. మూడింట్లో ఒకటైనా కొత్తది కుట్టించండి, మొదటిరోజు అదే వేసుకుంటుంది.

ట్యూనిక్కులో జిప్పు పనిచేయకపోతే వెంటనే మార్పించనక్కర్లేదు. పళ్లు బాగానే ఉండి వెనకాల విచ్చుకుపోతుంటే, జారే ముక్క వదులైందని అర్థం. దాన్ని పటకారుతో రెండు వైపులా కొద్దిగా నొక్కితే పట్టుకుంటుంది. బిగుసుకుపోతే పళ్ల మీద కొవ్వొత్తి రుద్దండి. పన్ను ఊడితేనే కొత్తది, జిప్పుతో కలిపి 70 రూపాయలు.

ఇక విజయవాడ వన్ టౌన్ బట్టల మార్కెట్ వస్త్రలతలోనో మరోచోటో గుడ్డ తెచ్చుకునేవాళ్లకి. ఎంత తేవాలని అడిగితే పిల్ల వయసు చెబుతారు, గుడ్డ పన్నా, అంటే వెడల్పు, చెప్పరు. లెక్కంతా పన్నా మీదే ఉంది. ఏడేళ్ల పిల్ల, నడుము 22 అంగుళాలనుకోండి. నిండు కుచ్చిళ్లకి నడుముకి మూడింతలు గుడ్డ కావాలి, అంటే 66, కుట్టుకి ఇంకో రెండు. 58 పన్నా గుడ్డ అయినా ఒక్క ముక్కలో అది రాదు, రెండు ముక్కలు కలపాలి. కుచ్చిళ్ల పొడవు 15, మడత మూడున్నర, కుట్టు అర, మొత్తం 19. రెండు ముక్కలకి 38 అంగుళాలు, మీటరుకి ఒక అంగుళం తక్కువ. రెండో ముక్కలో మిగిలిన దాంట్లోనే పైభాగం, జేబులు వచ్చేస్తాయి. కొట్లో కోత వంకరగా పోతుంది కాబట్టి మీటరు పది సెంటీమీటర్లు తెండి. అదే 36 పన్నా అయితే పైభాగానికి విడిగా కావాలి, మీటరూ నలభై.

58 పన్నా గుడ్డ తొంభై సెంటీమీటర్లే తెచ్చి సర్దేయమంటే కుచ్చిళ్లు ఒక్క ముక్కలోనే చేయాలి. మూడింతలకి బదులు రెండున్నర పైచిలుకే వస్తుంది. కుచ్చు లోపలికి పోయే లోతు చాలక, పిల్ల బెంచీ మీద కూర్చుని లేచేసరికి కుచ్చిళ్లు విచ్చుకుంటాయి, ఎంత ఇస్త్రీ చేసినా నిలవవు. అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకే రంగు కావాలంటే ఒకే తానులోంచి ఒకేసారి కోయించండి. రంగు అదే అయినా అద్దకం మారితే ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డప్పుడు తేడా తెలిసిపోతుంది.

అయిదో తరగతి పూర్తయి ఆరులోకి వెళ్లే అమ్మాయిల సంగతి వేరు. చాలా స్కూళ్లలో ఆరు నుంచి ట్యూనిక్కు పోయి చుడీదారు వస్తుంది. అందుకని ఇప్పుడు అయిదులోకి వెళ్లే పిల్లకి ఎదుగుదలకని ఎక్కువ వదలడం, మూడు నాలుగు జతలు కుట్టించడం వద్దు. రెండు చాలు.

అమ్మ పట్టుచీర కోసి ఇద్దరికీ లంగాలు కుట్టమని తెస్తున్నారు. మంచి ఆలోచనే. చీర వెడల్పు 46 అంగుళాలు ఉంటుంది. నిలువునా రెండుగా చీలిస్తే రెండు అంచులూ వాడుకోవచ్చనుకుంటారు గానీ 23 అంగుళాల పొడవు మూడు నాలుగేళ్ల పిల్లకే సరిపోతుంది. అయిదున్నర మీటర్లలో కొంగు మీటరు పక్కన పెట్టి, పెద్దదానికి రెండున్నర, చిన్నదానికి రెండు మీటర్లు అడ్డంగా కోస్తాం. కొంగులోంచి జాకెట్లు, మిగిలిన రెండో అంచు చేతులకి. పొడవు ఎక్కువ కాబట్టి రెండు టక్కులు వేస్తాం. అంగుళం టక్కు రెండు అంగుళాల గుడ్డ మింగుతుంది, రెండింటికి నాలుగు. అవి ఒక్కొక్కటే విప్పుకుంటూ పోతే రెండు మూడేళ్లు కట్టుకోవచ్చు. పట్టులో సూది పడిన చోట చుక్కలు ఉండిపోతాయి, అందుకే టక్కు అంచుకి ఆనుకుని పైనే వేస్తాం, జరీ పక్కన అవి కంటికి ఆనవు.

తెచ్చే ముందు చీరని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని మడతల దగ్గర చూడండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు అక్కడ చిట్లుతుంది. రెండు బొటనవేళ్లతో మెల్లగా లాగితే పోగులు విడిపోతున్నాయంటే అది లంగాకి పనికిరాదు. మేం కోసేశాక తెలిస్తే ఎవరికీ సుఖం లేదు.

ఇంట్లో వేసుకునే గౌన్లకి మల్లుగుడ్డ, మంగళగిరి నూలు, పెడన కలంకారీ ఏదైనా బాగుంటుంది. నూలు తడిస్తే మీటరుకి అంగుళం, అంగుళంన్నర కుంచించుకుపోతుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి నీడలో ఆరేసి ఇవ్వండి, లేదా మాకు రెండు రోజులు ఎక్కువ ఇవ్వండి. కలంకారీని మొదట్లో విడిగా ఉతకాలి, ఎండలో ఆరేయకూడదు. చేతులకి ఎలాస్టిక్కు, లోపల నెట్టు ఈ ఉక్కలో మేం వేయం. చెమటకాయలు లేచాక పిల్ల ఆ గౌను మళ్లీ ముట్టుకోదు.

ఆడపిల్లలకి కొలతలు మా దగ్గర ఆడవాళ్లే తీస్తారు, తల్లి పక్కనే ఉండొచ్చు. నిద్రమత్తులో తీసుకురాకండి, వంగి నిలబడితే పొడవులో అర అంగుళం తేడా వస్తుంది. సరిగ్గా పట్టే పాత జత ఒకటి ఆదికి తెండి, స్కూలు బెల్టు కూడా. బెల్టు వెడల్పు తెలియకుండా లూపులు కుట్టలేం. మే నెలంతా షాపు ఉదయం 10 నుంచి 1 దాకా, సాయంత్రం 5 నుంచి 9 దాకా. ఆదివారం ఉదయం మాత్రమే.