చేపల చావుకు ఆక్సిజన్ ఒక్కటే కారణమా?

అయ్యా,

మా చెరువులో చేపలు చచ్చి తేలిన వార్త పోయిన ఆదివారం వేశారు. కారణంగా అధికారులు చెప్పింది ఒక్కటే: ఆక్సిజన్ తగ్గింది. 2016 మార్చిలో బెంగళూరు హలసూరు చెరువులో చేపలు చచ్చినప్పుడూ ఆ మాటే విన్నాం. ఎందుకు తగ్గిందో, అసలు తగ్గిందో లేదో తేల్చే ఓపిక ఎవరికీ లేదు.

తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, ఎండెక్కాక తేరుకుంటాయి. మిట్టమధ్యాహ్నం కూడా అలాగే ఉంటే, కుళ్ళు వల్ల నీళ్ళలో చేరే విషం నైట్రైట్‌ని అనుమానించాలి. అది మొప్పల గుండా రక్తంలో చేరి హిమోగ్లోబిన్‌ను మార్చేస్తుంది. ఇక నీళ్ళలో ఆక్సిజన్ ఎంతున్నా రక్తం మోయలేదు. కొనఊపిరితో ఉన్న చేప తోక మొదట్లో కోసి, రెండు చుక్కలు తెల్లకాగితం మీద వేయండి. గాలి తగిలినా ఎర్రబడక కాఫీ డికాషన్ రంగులోనే ఉంటే నైట్రైట్ పనే. చచ్చి గంటలైన చేప ఈ పరీక్షకు పనికిరాదు. మనవాళ్ళు లారీకెత్తేవి అవే.

మురుగు పెద్ద దోషే. కానీ మెట్ల దగ్గర రోజూ పడే బ్రెడ్డు, బొరుగుల సంగతి ఎవరూ ఎత్తరు. కొర్రమీను మాంసం తినే చేప, పిండిపదార్థం పడితే దాని రక్తంలో చక్కెర గంటల తరబడి దిగదు. శీలావతి కొంత తట్టుకుంటుంది గానీ, మిగులంతా కాలేయంలో, పొట్టలో కొవ్వుగా పేరుకుంటుంది. సొంతంగా మేత వెతుక్కోవడం తగ్గించి మెట్ల దగ్గరే కాచుకుంటుంది. తినగా మిగిలింది కుళ్ళి, నైట్రైట్‌కు మూలమైన అమ్మోనియాను వదులుతుంది. నీళ్ళలో అది పెరిగేకొద్దీ చేప తన ఒంట్లోని అమ్మోనియాను మొప్పల నుంచి బయటికి పంపలేదు. రక్తంలో నిలిచి మెదడుకెక్కుతుంది, చేప గిరగిరా తిరిగి కొట్టుకుంటుంది. 25 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 ఉంటే అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. నాచుతో పచ్చబడ్డ చెరువులో పీహెచ్ మధ్యాహ్నానికి 9కి చేరితే ఆ విషరూపం మూడో వంతు దాటుతుంది. పొద్దున ఒక్కసారి నీళ్ళు పట్టి బాగుందని రాస్తే ఎలా?

చిన్న కల్యాణికైతే (మెట్ల కోనేరుకు) ఉప్పు పనిచేస్తుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము నైట్రైట్ ఉంటే వెయ్యి లీటర్లకు 17 గ్రాములు వేయాలి, ఆ ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. చెరువుకు ఆ దారి లేదు. మేత వేయడం ఆపించాలి, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. ఇక్కడ పొద్దెక్కాక వేసి చీకటి పడగానే ఆపేస్తున్నారు. నడకదారికి ఏటా రంగులేయడానికి ఉన్న డబ్బు నైట్రైట్ కిట్టుకు ఎందుకుండదు? బ్రెడ్డు వేయొద్దని కన్నడంలో, తెలుగులో, తమిళంలో ఒక బోర్డు ఈ వారంలోనే పెట్టించండి.

— ఒక పాఠకుడు, బెంగళూరు