కాంటా ఎక్కించని చుట్ట: ఆ అక్కకు దండాలు

ఆకేరు వాగు ఒడ్డున ఏడు బోరు మోటర్ల కేబుళ్లు ఒకే రాత్రి పోయి ఈరోజుకి ఐదో రోజు. మా ఏడుగురు రైతుల్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు, అందుకని ఈ రాతలో తప్పులుంటే మన్నించండి. ఐదు మోటర్లు నీళ్లు పోస్తున్నాయి. మిగతా రెండూ రేపు.

ముందుగా దండం పెట్టాల్సింది బైపాసు పక్కన పాత ఇనుప సామాను దుకాణం నడిపే అక్కకు. పేరు రాయొద్దంది, రాయడం లేదు. మొన్నటిదాకా ఆమె ఎవరో మాకు తెలియదు, మేమెవరమో ఆమెకు తెలియదు.

పోయింది మూడు కోర్ల (లోపల మూడు రాగి తీగల) ఫ్లాట్ కేబుల్, 4 చదరపు మిల్లీమీటర్ల సైజు, అందరిదీ కలిపి 420 మీటర్లు. ఈ సైజులో మీటరుకు 107 గ్రాముల రాగి (2.5 సైజైతే 67, 6 సైజైతే 161). దొంగకు అది 45 కిలోల రాగి, అంతే. రైతుకు వచ్చేసరికి కొత్త కేబుల్, ఎండే యాసంగి వరి, పైగా బోరు మూత దగ్గర మొదలంటా నరికిన రెండు చోట్ల కొస బోరు గొట్టంలోకి జారిపోయింది కాబట్టి పైపులన్నీ పైకి లేపే కూలి.

తెల్లారకముందే ఇద్దరు కుర్రాళ్లు బండి మీద నాలుగు కేబుల్ చుట్టలు తెచ్చి ఆమె కొట్టు ముందు పడేశారు. బోర్లోంచి తీసిన పాత కేబుల్ అన్నారు. ఆమె నమ్మలేదు. బోర్లోంచి వచ్చిన కేబుల్ మీద ఉప్పునీళ్ల తెల్ల పొక్కు, తుప్పు మరక ఉంటాయి. పైపుకు కట్టిన తాడు ఒరుసుకున్న గుర్తులు కొన్ని అడుగులకొకటి కనపడతాయి. వీటి మీద అవేవీ లేవు. పచ్చి గడ్డి వేరు, తడి మట్టి ఉన్నాయి. కొసలు చూస్తే, గొడ్డలి దెబ్బకు కోరు పలకబారుతుంది. నాలుగింటికీ ఎనిమిది కొసలు, ఎనిమిదీ పలకబారి ఉన్నాయి.

ఆమె గొడవ పడలేదు. ఆధార్ అడిగింది, డబ్బులు ఫోన్‌లోనే వేస్తానంది. కార్డు తెస్తామని పోయిన వాళ్లు మళ్లీ రాలేదు. అప్పటికే ఆమె బండి నంబరు ఫోటో తీసి పెట్టుకుంది.

ఆ దుకాణంలో పొడుగు పద్దు పుస్తకం ఒకటుంది. తేదీ, టైము, తెచ్చినవాళ్ల పేరు, ఆధార్ చివరి నాలుగంకెలు, బండి నంబరు, సరుకు, తూకం, డబ్బులు ఎలా ఇచ్చిందీ వరుసగా రాసి ఉంటుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం ఏది కొన్నా మూడు రోజులు వేరే గోనెలో ఉంచాకే పెద్ద వ్యాపారికి పంపుతుంది. ఇవన్నీ ఆమె పెట్టుకున్న నియమాలే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వచ్చి చూడలేదు.

కేబుల్ తొడుగు మీద కంపెనీ పేరు, సైజు, ఐఎస్ 694 (భారత ప్రమాణం నంబరు) అన్న ముద్రతో పాటు చాలా కంపెనీలు మీటరుకొక అంకె కొడతాయి. ఆమె ఆ అంకెల ఫోటో తీసి తనకు తెలిసిన మోటర్ వైండింగ్ మెకానిక్‌కు పంపింది, ఆయన గ్రూపుల్లో పెట్టాడు. మా స్టార్టర్ డబ్బా దగ్గర మిగిలిన ముక్క మీద ఆఖరి అంకె 312. ఆమె దగ్గరున్న చుట్ట 313తో మొదలైంది. రెండు కొసలూ పక్కపక్కన పెడితే గొడ్డలి వాలు కూడా కలిసింది.

అలా దొరికింది 260 మీటర్లు. మిగతా 160 దొరకదు. దాన్ని కాల్చి వేరే దుకాణంలో అమ్మేశారు, అక్కడ ఏమీ అడగకుండా చేతికి నగదు ఇచ్చారు. తొడుగు కాలితే అంకె, కంపెనీ, సైజు అన్నీ పోయి నల్లబడ్డ తీగ మిగులుతుంది, అది ఎవరిదైనా కావచ్చు. కాల్చిన రాగికి ధర తక్కువని తెలిసీ కాలుస్తారు. తెల్లవారుతుంటే పొగ కనపడుతుందన్న భయంతోనే మిగతా నాలుగు చుట్టలూ కాల్చకుండా తెచ్చినట్టున్నారు.

ఇక పోలీస్ స్టేషన్ సంగతి. వాగుకు ఈ ఒడ్డు ఒకరిది, ఆ ఒడ్డు ఇంకొకరిది అంటూ మధ్యాహ్నం దాకా తిప్పారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆ ముక్క మేం ఫోన్‌లో చూపిస్తే గానీ కాగితం కదలలేదు. సరుకు అప్పగించిన అక్కనే ముందు కూర్చోబెట్టి ‘నీ దగ్గరికెట్లా వచ్చింది’ అని రాత్రి ఎనిమిది దాకా అడిగారు. దొంగసొత్తు తెలిసి కొన్నవాళ్లకు భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. సరే, ఉండాల్సిందే. కానీ అది నగదిచ్చి కొన్నవాడి మీద పడాలి గానీ ఫోన్ చేసి పిలిచినామె మీదా?

మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సులో కొట్టు కొలత చూస్తారు, ఫీజు కట్టించుకుంటారు. పుస్తకం ఉందా, గుర్తింపు కార్డు చూస్తున్నావా అని మా టౌన్లో అడిగిన పాపాన పోలేదు. 2024 అక్టోబర్ 10 నుంచి రిజిస్టరైన వ్యాపారి రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర లోహపు తుక్కు కొంటే జీఎస్టీ తనే కట్టాలి, బిల్లు తనే రాసుకోవాలి. అది పన్ను లెక్క. ఆ రాగి ఎవరి పొలంలోదో దానికి పట్టదు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2013 చట్టం ప్రకారం స్థానిక కౌన్సిల్ లైసెన్స్ లేకుండా తుక్కు కొనకూడదు, నగదు ఇవ్వకూడదు, అమ్మేవాళ్ల పేరూ చిరునామా సరిచూడాలి, లెక్కలు మూడేళ్లు దాచాలి. ఇక్కడ ఒక ఆడమనిషి తన పద్దు పుస్తకంలో సగం ఆ పనే చేస్తోంది.

ఫిర్యాదు రాసేవాళ్లకు రెండు మాటలు. ఏడుగురూ ఏడు కాగితాలు ఇవ్వకండి, మీటర్లన్నీ కలిపి ఒక్కటే ఇవ్వండి. విలువ తుక్కు ధరకు కాదు, కొన్న బిల్లు ధరకు రాయించండి. 5,000 లోపు సొత్తు, మొదటిసారి దొంగతనం, వస్తువు తిరిగిచ్చేశాడు అంటే న్యాయ సంహిత 303 సెక్షన్‌లో సమాజసేవతో సరిపెడతారు. కోర్టుకు చేరిన సామాను వివరం 14 రోజుల్లో రాసి, ఫోటోలు తీయించి, ఆపైన 30 రోజుల్లో ఎవరికివ్వాలో చెప్పాలని నాగరిక సురక్షా సంహిత 497వ సెక్షన్ అంటుంది. వరి 44 రోజులు ఆగదు, అది వేరే సంగతి.

ఆ రోజు రాత్రి ఎనిమిదికి స్టేషన్ నుంచి బయటపడ్డ అక్క ఇంటికి పోలేదు. కొట్టు తీసి, తన దగ్గరున్న మంచి పాత కేబుల్ 40 మీటర్లు ఆటోలో వేయించింది. “కేసు సామాను ఎప్పుడొస్తదో, ముందు తడి పెట్టుకోండి” అంది. పొద్దున లేస్తే పావుకిలో ఇత్తడి కూడా తూచే మనిషి, ఆ చుట్టను కాంటా ఎక్కించలేదు. పద్దు పుస్తకంలో మాత్రం రాసింది: అరువు, 40 మీటర్లు. తూకం గడి ఖాళీ. ఏడుగురం ఆ గడి చూసి మాట్లాడలేకపోయాం.

ఇంట్లోవాళ్లు, తమ్ముళ్లు, బావమరుదులు రాత్రంతా టార్చిలు పట్టుకుని తిరిగారు. వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, లైన్‌మన్ అన్నను మరిచాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫ్యూజులూ పీకి పక్కన పెట్టి ఉండటం ముందు చూసింది ఆయనే. పక్క ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటర్లు నడుస్తూ మనదొక్కటే అర్ధరాత్రి ఆగితే పడుకోవద్దని కూడా చెప్పాడు. ఫోటో గ్రూపుల్లో పెట్టిన మెకానిక్‌కు, కిరాయి తీసుకోని ఆటో తమ్ముడికి, స్టేషన్ ముందు రెండుసార్లు చాయ్ పోసి పైసలు వద్దన్న తాతకు కూడా.

ఇంకా వెల్డింగ్ షాపు అన్న. రెండు బోర్ల పైపులు లేపడానికి చైన్ పుల్లీ, మూడు కాళ్ల స్టాండు అడగ్గానే ఇచ్చాడు. అన్నా, చైన్ ఇంకా మా దగ్గరే ఉంది. రేపు రెండో బోరు అయిపోగానే సాయంత్రం తెచ్చిస్తాం.