అండాశయాలు తీశారో ఉంచారో తెలుగులో రాసివ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా చెల్లెలు గత సంక్రాంతి ముందు వాకిట్లో కళ్లాపి చల్లుతూ జారి, కుడిచేయి నేల కానించడంతో మణికట్టు ఎముక విరిగింది. ఆమె వయసు నలభై మూడేళ్లు. ఇంత చిన్న జారుడుకు ఈ వయసులో ఎముక ఇలా విరగకూడదే అని ఎముకల డాక్టరు గారు అనుమానపడి, నెలసరి ఎప్పుడు ఆగిందని అడిగారు. ముప్పై ఒకటో ఏటే గర్భసంచి తీశారని చెప్పాం. అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది ఆయన రెండో ప్రశ్న. దానికి మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

బీరువాలో పట్టుచీరల అడుగున, ప్లాస్టిక్ సంచిలో, పాత స్కానింగు ఫిల్ములతో పాటు ఆసుపత్రి డిశ్చార్జి కాగితం దొరికింది. అందులో ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ‘టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ’ అని ఉంది. గర్భసంచితో పాటు రెండువైపులా అండాశయాలను, అండవాహికలను కూడా తీసేశారని దాని అర్థం. పన్నెండేళ్లుగా ఆ కాగితం ఇంట్లోనే ఉంది. చదివి చెప్పవలసినదాన్ని నేనే, ఎందుకంటే ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఈస్ట్రోజెన్‌ను స్రవించే గ్రంథి ఏదని ఎన్ని బిట్ పేపర్లలో అడిగి ఉంటానో లెక్కలేదు. సొంత చెల్లెలి కాగితం మాత్రం ఒక్కసారీ విప్పి చూడలేదు.

మనలో చాలామందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అంటే నెలసరికి, కాన్పుకు సంబంధించిన హార్మోన్లుగానే తెలుసు. పిల్లలు పుట్టాక, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోయాక, ఇంక ఆ సంచితో పనేముంది అనే మాట అక్కడి నుంచే పుడుతుంది. నిజానికి అండాశయాల పని కాన్పులతో ముగియదు. ఎముక నిరంతరం కరుగుతూ, తిరిగి కట్టుకుంటూ ఉంటుంది; ఆ కరుగుదలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజెన్. రక్తనాళాల లోపలి పొరనూ, యోని, మూత్రమార్గాల కణజాలాన్నీ కాపాడేది, ఒంటి వేడిని సరిచూసే మెదడు భాగాన్ని కుదురుగా ఉంచేది కూడా అదే. సహజంగా ముట్లుడిగే స్త్రీలో ఈ హార్మోన్ కొన్నేళ్లపాటు హెచ్చుతగ్గులతో తగ్గుతూ వస్తుంది కాబట్టి, శరీరం సర్దుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. రెండు అండాశయాలూ తీసేసిన స్త్రీలో అది కొద్దిరోజుల్లోనే అడుగంటుతుంది. మా చెల్లెలికి ఆపరేషన్ అయిన నెలలోనే రాత్రిళ్లు సెగలు కమ్మి, చెమటతో జాకెట్టు తడిసిపోయేది. వేడి చేసిందని మేం మజ్జిగ, సబ్జా నీళ్లు తాగించాం. నిద్రపట్టకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ నిద్రమాత్రలు రాశాడు. కీళ్ల నొప్పులంటే సూదిమందు వేశాడు. అత్తగారింట్లో బద్ధకమన్నారు.

ఇదంతా ఒక్క ఇంటి గొడవ అయితే మీ పత్రికలో చోటు అడిగేదాన్ని కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తర్వాతి సర్వేలోనూ మన రెండు రాష్ట్రాలు పై వరుసలోనే ఉన్నాయి. దేశవ్యాప్తంగా చూస్తే, ఈ ఆపరేషన్ చేయించుకున్నవారిలో సగంమందికి ముప్పై నాలుగేళ్లలోపే అయిపోయింది. మన ఆడవాళ్ల గర్భసంచులకు మాత్రమే వచ్చే ప్రత్యేకమైన జబ్బు ఏదీ లేదు కదా! ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో ప్రైవేటు ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్లు మితిమీరాయన్న ఆందోళనతో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వాటిని ఆ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. చేతి డబ్బు పెట్టుకునేవారికి ఆ కట్టడి వర్తించలేదు. మా చెల్లెలి ఆపరేషన్ బంగారం తాకట్టు పెట్టి చేయించిందే.

ఆమెకున్న బాధ నెలసరిలో అధిక రక్తస్రావం, తెల్లబట్ట. స్కానింగులో సంచి ఉబ్బిందని, పుండ్లున్నాయని, ఇలాగే వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుందని చెప్పారు. ఆ ఒక్క మాట చాలు, ఏ కుటుంబమైనా సంతకం పెట్టేస్తుంది. థైరాయిడ్ లోపంతోనూ రక్తస్రావం ఎక్కువవుతుంది, దానికి ముందు రక్తపరీక్ష చేయాలి. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ ఆమ్లం మాత్రలున్నాయి, హార్మోన్ మాత్రలున్నాయి, గర్భాశయంలో అమర్చితే కొన్నేళ్లపాటు కొద్దికొద్దిగా ప్రొజెస్టిరాన్ తరహా మందు విడుదల చేసే చిన్న పరికరం కూడా ఉంది. తెల్లబట్ట చాలావరకు మందులతో నయమయ్యే ఇన్‌ఫెక్షనే. వీటిలో ఒక్కదాని గురించీ మాకు చెప్పినవారు లేరు. నేను ఆపరేషన్‌కు వ్యతిరేకిని కాను. క్యాన్సర్‌లో, మందులకు లొంగని పెద్ద గడ్డల్లో, కాన్పు తర్వాత ఆగని రక్తస్రావంలో అది ప్రాణాలు నిలబెడుతుంది. అండాశయాలు తీయక తప్పని జబ్బులూ ఉన్నాయి. అవి ఏమిటో రోగికి చెప్పి, కాగితం మీద రాయాలన్నదే నా మాట. అండాశయాలను ఉంచినా పూర్తి భరోసా లేదు. వాటికి అందే రక్తంలో కొంత గర్భాశయ ధమని నుంచే వస్తుంది కాబట్టి, సంచి తీశాక అవి ముందుగానే నీరసించవచ్చు.

ఇక, తీసేసిన హార్మోన్‌ను మందుగా తిరిగి ఇవ్వడం గురించి. ఈ చికిత్స పేరెత్తితేనే రొమ్ము క్యాన్సర్ వస్తుందనే భయం డాక్టర్లలోనూ కనిపిస్తోంది. 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనాన్ని మధ్యలో ఆపేసినప్పటి నుంచి ఉన్న భయమిది. ఆ అధ్యయనంలోని స్త్రీల సగటు వయసు అరవై మూడు. వారికి ఇచ్చింది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ తరహా మందు) కలిపిన మాత్ర. గర్భసంచి లేని స్త్రీకి ప్రొజెస్టిన్ సాధారణంగా అవసరం ఉండదు, ఎందుకంటే సంచి లోపలి పొరను కాపాడటానికే దాన్ని కలుపుతారు. అదే పరిశోధనలో గర్భసంచి లేని స్త్రీలకు ఈస్ట్రోజెన్ మాత్రమే ఇచ్చిన రెండో విభాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ముప్పైల్లో అండాశయాలు పోయిన స్త్రీకి, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు వంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలన్నదే వైద్యశాస్త్రం చెప్పే మాట. మా చెల్లెలికి పన్నెండేళ్లపాటు ఎవరూ ఒక్క మాత్ర రాయలేదు. ఏం పోయిందో తెలిస్తే కదా ఏం ఇవ్వాలో తెలిసేది!

అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అరికట్టేందుకు 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు వేయమంది. 2013లో దాఖలైన ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, మూడు నెలల్లో రాష్ట్రాలన్నీ వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ కమిటీలు తమ జిల్లాలో ఏ ఏడాది ఎన్ని ఆపరేషన్లు జరిగాయో, అందులో నలభై ఏళ్లలోపువారు ఎందరో, ఎందరికి అండాశయాలు కూడా తీశారో ఏటా పత్రికలకు విడుదల చేయాలని మీ ద్వారా రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

దానికన్నా సులువైనది, పైసా ఖర్చు లేనిది ఇంకొకటుంది. గర్భసంచి తీసిన ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితం మీద తెలుగులో ఈ మాటలు రాసివ్వాలి: ‘మీ గర్భసంచి తీశాం. అండాశయాలు రెండూ ఉంచాం, లేదా ఒకటి తీశాం, లేదా రెండూ తీశాం. తీయడానికి కారణం ఇది. హార్మోన్ మందు గురించి ఫలానా తేదీన వచ్చి కలవండి.’ అదే కాగితం నకలు ఊళ్లోని ఏఎన్‌ఎంకు చేరితే, వేడి చేసిందని వచ్చిన ముప్పై ఏళ్ల మనిషిని ఆమెకైనా సరైన చోటికి పంపే వీలుంటుంది.

ఎముకల సాంద్రత పరీక్ష చేయించాక మా చెల్లెలు నెల రోజులుగా డాక్టరు పర్యవేక్షణలో ఈస్ట్రోజెన్ వాడుతోంది. చిన్న వయసులో ఈ ఆపరేషన్ అయినవారు ఇంట్లో ఉంటే, పాత కాగితాలు తీసి ఆ ‘బీఎస్‌ఓ’ అనే మూడక్షరాలు ఉన్నాయేమో చూడమనీ, అర్థం కాకపోతే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీవైద్య నిపుణులకు చూపించమనీ మీ పాఠకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
ప్రకాశం జిల్లా